నాన్నగారు నడిచే దారిలో నా సైకిల్

ఈ వారం ఉత్తరం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చింది. రాసినాయనకి నలభై ఒక్కేళ్ళు. సియాటిల్ పక్కన బాథెల్‌లో కాపురం, రెడ్‌మండ్‌లో ఉద్యోగం. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం సారాంశం ఇది.

బాథెల్ నుంచి రెడ్‌మండ్ దాకా సమామిష్ నది పక్కనే తారు వేసిన ట్రైల్ ఒకటి ఉంది. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, పిల్లల బండ్లు తోసేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు అందరికీ అదే దారి. ఈయన ఏడేళ్ళుగా దాని మీదే ఆఫీసుకి సైకిల్ తొక్కుతున్నారు, పోను ఎనిమిది మైళ్ళు. మోకాలు ఇబ్బంది పెడుతుంటే నిరుడు ఈ-బైక్ కొన్నారు. "గంటకి 28 మైళ్ళ దాకా మోటార్ సాయం చేస్తుంది, కానీ నేను 20, 22 దాటను" అని రాశారు. హ్యాండిల్ మీద బెల్ చూడ్డానికి బాగోలేదని తీసేశారు.

తల్లిగారు పోయి రెండేళ్ళు. తండ్రిగారికి డెబ్భై ఒకటి, తెనాలిలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్ల కోసం కొడుకు దగ్గరికి వచ్చారు. మొదటి నెలంతా కిటికీ దగ్గర కూర్చుని గడిపిన మనిషికి ఆ ట్రైల్ మీద ముగ్గురు స్నేహితులు దొరికారు. ఒకరిది ఖమ్మం, ఒకరిది భీమవరం, ఒకరిది నంద్యాల. అందరూ పిల్లల దగ్గరికి వచ్చినవాళ్ళే. రోజూ పొద్దున ఏడున్నరకి నలుగురూ కలిసి నడక.

పోయిన నెల వెనక నుంచి ఒక సైకిలతను "ఆన్ యువర్ లెఫ్ట్" అని అరుస్తూ వచ్చాడు. ఖమ్మం ఆయన ఎడమకే జరిగారు. సైకిల్ తగిలి పడి మణికట్టు విరిగింది. ఇప్పుడు పెద్దవాళ్ళంతా కలిసి కౌంటీకి, అంటే మన జిల్లా యంత్రాంగం లాంటిదానికి, అర్జీ రాశారు. ట్రైల్ పొడుగునా గంటకి 10 మైళ్ళ పరిమితి పెట్టాలి, అర మైలుకొక బోర్డు ఉండాలి, ఈ-బైకులు పూర్తిగా ఆపేయాలి. తండ్రిగారు ఆ కాగితం కొడుకు చేతిలో పెట్టి "మంచి ఇంగ్లిష్‌లో దిద్ది, నువ్వు కూడా సంతకం పెట్టు" అన్నారు. ఈయనతో శనివారాలు సైకిల్ తొక్కే మిత్రులేమో "అది పంపితే మనం మనం కాదు" అంటున్నారు. భార్య "ముందు నీ యాప్‌లో నీ స్పీడెంతో చూసుకుని మాట్లాడు" అంది.

చివరి పేజీలో ఆయన మాటలు ఇలాగే ఇస్తున్నాను: "మేడమ్, అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ ప్రమాదానికి రెండు వారాల ముందు ఆఫీసుకి ఆలస్యమై గట్టిగా తొక్కుతున్నాను. వంతెన కింద మలుపు తిరగ్గానే నలుగురు పెద్దవాళ్ళు వరసగా అడ్డం వచ్చారు. గడ్డిలోకి దిగి ఎలాగో దాటేశాను. వెనక నుంచి తెలుగులో వినపడింది, 'మనుషులున్నారని కూడా చూడరు, వీళ్ళకన్నా పశువులు నయం' అని. మా నాన్న గొంతు. హెల్మెట్, నల్లద్దాలు, పసుపు జాకెట్. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఆగలేదు. సంతకం పెట్టాలా? నాన్నకి చెప్పాలా?"

సమాధానం:

ముందు బోర్డు సంగతి చూద్దాం. మీకు పెద్ద చిక్కులా కనిపిస్తోంది గానీ, నిజానికి అదే తేలిక.

మీ నాన్నగారు, మీ శనివారం మిత్రులు, మీరు, అందరూ వేగానికి హద్దు పెట్టాలా వద్దా అని వాదించుకుంటున్నారు. ఆ హద్దు ఎప్పుడో ఉంది. మీ దారి ఉన్న కింగ్ కౌంటీలో ట్రైళ్ళ మీద పరిమితి గంటకి 15 మైళ్ళు, అంటే మన లెక్కలో 24 కిలోమీటర్లు. కాబట్టి "20, 22 దాటను" అన్న మీ మాట నిగ్రహం కింద రాదు. రోజూ దాటుతున్నట్టే.

ఇంకో మాట కూడా మీరు తేలిగ్గా రాసేశారు. 28 మైళ్ళ దాకా మోటార్ సాయం చేసే బండి వాషింగ్టన్ చట్టం ప్రకారం మూడో తరగతి ఈ-బైక్. మొదటి రెండు తరగతులకి మోటార్ సాయం 20 మైళ్ళ దగ్గర ఆగిపోతుంది. అవి ఇలాంటి అందరూ వాడే దారుల మీద తిరగొచ్చు. మూడో తరగతి బండిని, స్థానికంగా ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, వాటి మీదకి తేకూడదు. రోడ్డు మీద వెళ్ళొచ్చు. మీ బండి ఫ్రేమ్ మీద ఎక్కడో తరగతి రాసిన స్టిక్కర్ ఉంటుంది, ఈ సాయంత్రం ఒకసారి వంగి చూడండి. మిమ్మల్ని బోనెక్కించాలని చెప్పట్లేదు. ఈ-బైకుల్ని ఆపమనే కాగితం మీద మీరు సంతకం పెట్టబోతున్నారు, కనీసం మీ బండి ఏదో మీకు తెలియాలి కదా.

అయితే తప్పంతా సైకిల్ వైపే లేదు. అదే కౌంటీ నిబంధనల్లో, గుంపుగా వెళ్ళేవాళ్ళు కుడి అంచు నుంచి కొలిస్తే దారిలో సగానికి మించి ఆక్రమించకూడదని ఉంది. ప్రతి ఒక్కరూ వీలైనంత కుడి పక్కనే ఉండాలని కూడా ఉంది. నలుగురు పెద్దమనుషులు భుజాలు కలుపుకుని నడిస్తే అది దారంతా సరిపోతుంది. నాకెలా తెలుసంటే, ఒకప్పుడు మా అమ్మాయి దగ్గర రెడ్‌మండ్‌లో ఐదు నెలలున్నాను. ఆ గట్టు మీద నేనూ నడిచాను, అలాగే నడిచాను. బాతులు, వాటి రెట్టలు, తడిసిన ఆకులు, అవతలి గట్టున పొగమంచు. పక్కన మన భాష మాట్లాడే మనిషి ఉంటే ఇంక కాలు ఎటు పోతోందో ఎవరికి పడుతుంది? మీవాళ్ళది పొగరు కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరూ పలకరించని ఇళ్ళలోంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకి ఆ గంటే ఊరు, ఆ గంటే రచ్చబండ. ఒకరి వెనక ఒకరు నడిస్తే మాట్లాడుకునేదెలా?

ఇప్పుడు ఖమ్మం ఆయన ఎందుకు ఎడమకి జరిగారో చూడండి. నాకు ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమనిపించింది అదే. "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే "నీ ఎడమ పక్క నుంచి నేను వస్తున్నాను, నువ్వు కుడికే ఉండు" అని. అక్కడ పెరిగినవాళ్ళకి అది ఉగ్గుపాలతో వచ్చిన మాట. మన పెద్దాయనకి వినపడింది ఒక్కటే మాట, "లెఫ్ట్". అతను లెఫ్ట్ అన్నాడు కాబట్టి లెఫ్ట్‌కి వెళ్ళారు. పైగా డెబ్భై ఏళ్ళు ఎడమ పక్కన నడిచిన కాళ్ళు. మన దగ్గర వెనక నుంచి బండి వస్తోందంటే ఎడమకి తప్పుకోవడం ఆలోచించి చేసే పని కాదు, ఒళ్ళే చేసేస్తుంది. ఇంకోటి కూడా గమనించాను. వెనక అరుపు వినగానే మనవాళ్ళు తల తిప్పి చూస్తారు. ఎడమ భుజం మీదుగా తల తిప్పితే, తెలియకుండానే కాలు కూడా అటే ఒక అడుగు పడుతుంది. సరిగ్గా సైకిల్ వచ్చే వైపు.

అంటే ఆ అరిచినతను నియమం పాటించాడు. దాటేముందు గొంతుతోనో బెల్‌తోనో హారన్‌తోనో హెచ్చరించాలని ఆ నిబంధనల్లోనే ఉంది. హెచ్చరించాడు. పెద్దాయనా మాట విన్నారు. ఇద్దరూ చెప్పినట్టే చేస్తే చెయ్యి విరిగింది. 10 అని రాసిన బోర్డు ఇక్కడ ఏం చేసేది? కొంత చేసేది, కాదనను. నెమ్మదిగా వస్తే తప్పుకోవడానికి రెండు క్షణాలు ఎక్కువ దొరికేవి. కానీ ఆ మాట అర్థమయ్యేలా చేసేది కాదు.

బెల్ అలా కాదు. దానికి ఎడమా కుడీ లేవు, ఇంగ్లిషూ తెలుగూ లేవు. తెనాలి కాలవగట్టు మీద రోజుకి వందసార్లు విన్న ట్రింగ్ అది. దూరం నుంచి వినపడితే ఎవరికీ కోపం రాదు. దగ్గరికొచ్చి మోగిస్తేనే గుండె జారేది. నిబంధన కూడా అవతలి మనిషి స్పందించడానికి వ్యవధి ఉండేలా హెచ్చరించమంటుంది. మీరు 20 మైళ్ళ వేగంతో వస్తుంటే సెకనుకి 29 అడుగులు కదులుతారు. ఆయన వినాలి, తనకేనని గ్రహించాలి, కదలాలి. చెవి కొంచెం మందంగా ఉన్న మనిషికి దానికి మూడు నాలుగు సెకన్లు కావాలి. అంటే వంద అడుగుల ముందే మోగాలి. వంతెన కింద మలుపులో వంద అడుగులు కనపడవు. కాబట్టి అక్కడ బెల్ కూడా చాలదు, బ్రేకే దిక్కు.

మీ నాన్నగారు ఫిజిక్స్ చెప్పినవారు కాబట్టి ఇంకో లెక్క నాకన్నా ఆయనకే బాగా తెలుసు. గుద్దుకునే శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 15 నుంచి 20కి వెళ్తే వేగం మూడో వంతే పెరిగింది. మోసుకొచ్చే శక్తి మాత్రం ఒకటీ ముప్పావు రెట్లకి పైనే. ఈ-బైక్ మామూలు సైకిల్ కన్నా బరువు కూడా. డెబ్భై ఏళ్ళ ఎముకకి ఈ తేడా చాలా పెద్దది.

ఇక అర్జీ. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖరీదుంది.

ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిష్ దిద్ది సంతకం పెట్టేయొచ్చు. నాన్నగారు సంతోషిస్తారు, ఇంట్లో శాంతి. కానీ అందులో అడిగినవి జరిగేలా లేవు. అర మైలుకొకటి, రెండు వైపులా అంటే ఆ పొడుగుకి నలభై బోర్డుల దాకా కావాలి. నాలుగోది దాటాక ఎవరూ చదవరు, మన ఊళ్ళలో "హారన్ కొట్టరాదు" బోర్డుల్లాగే. ఈ-బైకులన్నీ ఆపమంటే, రాష్ట్ర చట్టం ఒప్పుకున్నదాన్ని కాదనమని అడిగినట్టు. వాటి మీద వెళ్ళేవాళ్ళలో మోకాళ్ళు అరిగిన మీ నాన్నగారి వయసువాళ్ళూ చాలామందే. ఇక పొడుగునా 10 అంటే, మన అట్లాస్ సైకిల్ తాపీగా తొక్కే వేగం అది. పది మంది ఉన్న చోట అది న్యాయమే, ఖాళీగా ఉన్న రెండు మైళ్ళ తిన్నని దారిలో ఎవరూ వినరు. ఒక చోట వినకూడదని అలవాటైనవాడు వినాల్సిన చోటా వినడు. చివరికి "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఒక మర్యాదైన జవాబు వస్తుంది. నలుగురు పెద్దవాళ్ళు "ఈ దేశంలో మన మాట ఎవరు వింటార్లే" అనుకుంటారు. నాకు ఆ చివరిది ఎక్కువ బాధ.

సంతకం పెట్టనని చెప్పేయొచ్చు. మిత్రులు మిగులుతారు. వాళ్ళ భయం ఉత్తి భయమేం కాదు. ఇవాళ 10 అన్నవాళ్ళు రేపు సైకిళ్ళే వద్దంటారేమోనని వాళ్ళ గుబులు, రోడ్డెక్కితే కార్ల పక్కన ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. కానీ ఎందుకు పెట్టవని నాన్నగారు అడుగుతారు. అసలు కారణం చెప్పకుండా మీరు చెప్పే ప్రతి కారణమూ ఎంత సబబైనా మీ నోట్లో అబద్ధంలాగే ఉంటుంది.

మూడోది, కాగితాన్ని వాళ్ళతో కూర్చుని మళ్ళీ రాయడం. శ్రమ ఎక్కువ. నాలుగు సాయంత్రాలు పోతాయి, రెండు పక్కలా చీవాట్లు తప్పవు. పని జరిగే ఆశ కాస్త ఉన్నది మాత్రం ఇందులోనే. అందులో ఏం రాస్తారన్నది మీ ఇష్టం, నేనైతే ఇలా మొదలుపెడతాను. ట్రైల్ మొత్తం అనకుండా ఆ ఒక్క వంతెన పేరు రాయండి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఏ దిక్కు నుంచి వచ్చే సైకిల్‌కి మలుపు అవతల ఎన్ని అడుగులు కనపడుతుందో టేపుతో కొలిచి, ఫొటో తీసి జతచేయండి. కొలిచే పని మీ నాన్నగారికి ఇవ్వండి, ఆయన పొంగిపోతారు. అక్కడ పొద కొమ్మలు అడ్డమైతే నరకమనండి. మలుపు దగ్గర మధ్యలో పసుపు గీత, మలుపుకి ముందు నేల మీదే పెద్ద అక్షరాలతో "నెమ్మది" అన్న రాత అడగండి. నేల మీది రాత కళ్ళ ముందుంటుంది, స్తంభం మీది బోర్డు కొమ్మల్లో కలిసిపోతుంది.

సంఖ్య రాసిన బోర్డుతో ఒక తిరకాసుంది. కార్లో స్పీడోమీటర్ ఉంటుంది కాబట్టి 15 అంటే 15. మామూలు సైకిళ్ళలో చాలావాటికి అది ఉండదు. తొక్కేవాడికి తను 14లో ఉన్నాడో 19లో ఉన్నాడో నిజంగా తెలియదు. గాలి వెనక నుంచి వీస్తే అసలే తెలియదు. అందుకే అడగాలనుకుంటే వచ్చేవాళ్ళ వేగాన్ని రాడార్‌తో కొలిచి అంకెల్లో వెలిగించి చూపే బోర్డుని, నాలుగు వారాలైనా ఆ వంతెన దగ్గర పెట్టమనండి. తన అంకె తన కళ్ళకే కనపడితే చాలామంది కాలు తీస్తారు. కొందరు కుర్రాళ్ళు మాత్రం ఎంత పెద్ద అంకె వెలిగించగలమా అని పందెం వేసుకుంటారు, అదీ ఉంది.

స్థిరమైన అంకెతో ఇంకో ఇబ్బంది. అది హద్దుగా మొదలై హక్కుగా మారుతుంది. "15 దాకా నా ఇష్టం" అనుకునేవాడు, తల్లి చెయ్యి వదిలించుకుని పరిగెత్తే రెండేళ్ళ పిల్లాడి పక్క నుంచీ 15లోనే వెళ్తాడు. అక్కడ 6 కూడా ఎక్కువే. కాబట్టి మీ కాగితంలో ఒక అంకె కోసం పట్టుబట్టే బదులు, ఎవరు ఎవరికి దారివ్వాలో బొమ్మలతో చూపే చిన్న పలక అడగండి. చక్రం కాలికి దారిస్తుంది, రెండూ గుర్రానికి దారిస్తాయి. ఆ నది వెంట గుర్రాల కోసం కొంత మేర పక్కనే మట్టిదారి కూడా ఉంది కదా, మీ నాన్నగారికి చూపించారో లేదో. కాళ్ళకి తారు కన్నా అదే మెత్తన. ఎండిన రోజుల్లో నలుగురూ కబుర్లు చెప్పుకుంటూ అటు నడవొచ్చు. గుర్రం వస్తే ఆగి నిలబడాలి, అంతే.

కాగితంలో మీవాళ్ళ వైపు మాట కూడా ఒకటి ఉండాలి. "మేం ఇద్దరిద్దరుగా, కుడి పక్కన నడుస్తాం" అని వాళ్ళే రాసుకుంటే ఆ అర్జీకి బరువొస్తుంది. ఈ మాట మీరు చెప్తే "నీకు సైకిలే ఎక్కువైంది" అంటారు. ఖమ్మం ఆయనతో చెప్పించండి, చెయ్యి విరిగినాయన మాటకి ఎదురుండదు. ఆస్పత్రి బిల్లు, ఇన్సూరెన్స్ సంగతి వాళ్ళబ్బాయి చూసుకుంటున్నారని రాశారు కాబట్టి అందులోకి నేను వెళ్ళను.

మీ శనివారం మిత్రులకి ఈ రెండో కాగితం చూపించండి. సంతకం పెట్టమని అడగొద్దు, చదవమనండి. బెల్, మలుపు, పసుపు గీత, వీటితో వాళ్ళకి తగాదా ఉండదనుకుంటున్నాను. ఉందన్నవాళ్ళు ఉంటే, వాళ్ళతో శనివారాలు గడపాలా వద్దా అన్నది వేరే ప్రశ్న, మీరు నన్నడగలేదు.

ఇప్పుడు మీ ఎనిమిది మైళ్ళు. అంతా 20లో వెళ్తే 24 నిమిషాలు. అంతా 15లో వెళ్తే 32. తేడా ఎనిమిది నిమిషాలు. మనుషులు గుమిగూడే ఒక్క మైలులో 10కి తగ్గితే, అక్కడ 20లో వెళ్ళిన దానికన్నా మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ మూడు నిమిషాలు ఏ మీటింగ్‌లోనైనా ఎవరో ఒకరు "నా స్క్రీన్ కనపడుతోందా" అని అడగడంలోనే పోతాయి. వేగం తగ్గించడం ఇష్టం లేకపోతే విల్లోస్ రోడ్డు మీద వెళ్ళొచ్చు, మీ బండికి చట్టప్రకారం రోడ్డు మీద హక్కుంది. కానీ కార్ల పక్కన వెళ్ళాలి. మీ ఆవిడ ఏమంటారో ముందు కనుక్కోండి. ఏడున్నరకి బదులు ఆరున్నరకి బయల్దేరొచ్చు, నడిచేవాళ్ళు తక్కువ, శీతాకాలంలో చీకటి, లైటు తప్పనిసరి. లేదా ఈ బండి అమ్మేసి 20 దగ్గర మోటార్ ఆగిపోయే బండి తీసుకోవచ్చు. డబ్బు పోతుంది, మోకాలికి సాయం మిగులుతుంది. వీటిలో ఏదైనా మీరే ఎంచుకోవాలి. ఏమీ మార్చకుండా కాగితం మాత్రం దిద్దడం ఒక్కటే కుదరదు.

సైకిల్ వేగాలు నమోదు చేసి పోల్చి చూపే స్ట్రావా యాప్‌లో, ఆ వంతెన కింది దారి ముక్కకి మీకు మూడో ర్యాంకు ఉందని సిగ్గుపడుతూ రాశారు. ఆ యాప్‌లో ఒక సెగ్మెంట్, అంటే అలాంటి దారి ముక్క, ప్రమాదకరమని ఎవరైనా గుర్తు పెట్టొచ్చు. ముందు రెండు ర్యాంకులవాళ్ళు ఆ పని చెయ్యరు. మూడో ర్యాంకాయన చెయ్యొచ్చు.

చివరికి నాన్నగారి సంగతి. ఇది రాయడానికే నాలుగు పేజీలు రాశారని నాకు తెలుసు.

చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. ఆయన ఇంకో మూడు నెలల్లో తెనాలి వెళ్ళిపోతారు. కానీ రోజూ భోజనాల దగ్గర "ఈ సైకిళ్ళ వెధవలు" అని ఆయన మొదలుపెట్టినప్పుడల్లా మీరు పెరుగన్నంలోకి తల దించుకోవాలి. ఆయన మళ్ళీ వస్తారు, మళ్ళీ అదే దారి. పైగా ఈ మాట ఒక రోజు ఎలాగో బయటికొస్తే, దాటి వెళ్ళిపోయినందుకు కాదు, ఇన్నాళ్ళు దాచినందుకు ఆయనకి కష్టం కలుగుతుంది.

చెప్తే? కోపం రావొచ్చు. ఖమ్మం ఆయన ముందు తలెత్తుకోలేనని అనొచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. మా నాన్నగారైతే వారం మాట్లాడేవారు కాదు. నాకు ఎక్కువ భయం మాత్రం ఇంకోటి. ఆయన కోప్పడకుండా, మీకు అడ్డమని నడకే మానేసి మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోవచ్చు. మన పెద్దవాళ్ళు అలిగేది అలాగే. కాబట్టి చెప్తే, "మీరు వెళ్ళకండి" అనో "అటు ప్రమాదం" అనో దాని వెనకే తగిలించకండి. నేను బెల్ పెట్టాను, నేను ఈ రోజు నుంచి ఆ మైలు నెమ్మదిగా వెళ్తున్నాను, మీరు మాత్రం మానొద్దు, ఇంతే.

ఒక చిన్న అనుమానం కూడా చెప్పి ఊరుకుంటాను, తప్పైతే క్షమించండి. మీ పసుపు జాకెట్ రోజూ గరాజ్‌లో మేకుకి వేలాడుతూనే ఉంటుందని ఉత్తరం మొదట్లో రాశారు. నడకకి బయల్దేరే పెద్దాయన బూట్లు వేసుకునేదీ అక్కడే అన్నారు. ముప్పై ఏళ్ళు క్లాసులో వెనక బెంచీ వాడెవడో నడక చూసి పట్టుకున్న లెక్చరర్, సొంత కొడుకు వీపుని గుర్తుపట్టరా? ఆ నలుగురి పిల్లలూ ఇంగ్లిష్ వచ్చినవాళ్ళే. భీమవరం ఆయన కోడలు అక్కడే స్కూల్లో పనిచేస్తుందని మీరే రాశారు. అయినా ఆ కాగితం తెచ్చి మీ చేతిలోనే ఎందుకు పెట్టారు? నాకు తెలియదు. మీరు చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఆయన ముఖం చూస్తే మీకు తెలుస్తుంది.

ఖమ్మం ఆయనకి కట్టు ఎప్పుడు విప్పుతారో కనుక్కోండి. ఆ మర్నాడు నలుగురూ మళ్ళీ నడకకి బయల్దేరతారు. ఆ రోజు ఆఫీసుకి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి, సైకిల్ ఇంట్లో పెట్టి, వాళ్ళతో నడవండి. మీరు ఎడమ వైపు ఉండండి. ఆ వంతెన కింద వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్" అని వినపడ్డప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా ఉండగలరేమో చూడండి.